యాంప్లిఫయర్, డిస్టార్షన్, కొలతలు: మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

నల్గొండలో నేను యాంప్లిఫయర్లు కడతాను, రిపేర్ చేస్తాను. మైక్ సెట్ వాళ్లు, పాలిటెక్నిక్ పిల్లలు, ఇంట్లో మంచిగా పాట వినాలని సొంతంగా సెట్ చేసుకునేవాళ్లు ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. ఫోన్‌లో లెక్కలు చెబితే సగం గాలికి పోతాయి. అందుకే రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి, ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమయ్యేలా ఉంది.

## కొనే ముందు, డిజైన్ ఎంచుకునే ముందు

అన్నా, 4440 బోర్డు మీద 100 వాట్స్ అని రాసి ఉంది. నిజంగా అంత వస్తుందా?

రాదు. ఎల్ఏ 4440 ఐసీ డేటాషీట్‌లోనే రెండు ఛానళ్లుగా వాడితే ఒక్కోదానికి 6 వాట్లు, బ్రిడ్జ్ చేస్తే, అంటే రెండు ఛానళ్లూ కలిపి ఒకే స్పీకర్‌ను నడిపిస్తే, 19 వాట్లు అని ఉంటుంది. అదీ 13.2 వోల్టుల దగ్గర, 10 శాతం డిస్టార్షన్‌తో, అంటే లోపలికి పంపని సిగ్నల్ అంత కలిసిపోయాక. లెక్క మీరే వేసుకోవచ్చు. 12 వోల్టుల బ్యాటరీ మీద మామూలు యాంప్ స్పీకర్‌ను అటు 6, ఇటు 6 వోల్టుల వరకే ఊపగలదు. ఆ 6ను 1.414తో భాగించి, వర్గం చేసి, 4 ఓమ్‌లతో భాగిస్తే 4.5 వాట్లు. బ్రిడ్జ్ చేస్తే దానికి నాలుగు రెట్లు, 18 వాట్లు. ఆ వోల్టేజీతో, ఆ స్పీకర్‌తో ఇలాంటి మామూలు ఐసీ ఏ కంపెనీదైనా ఇంతే. పీఎంపీఓ అని రాసిన అంకెలను అసలు లెక్కలోకి తీసుకోకండి. వాటిని కొలిచే పద్ధతి అంటూ ఒకటి లేదు.

ఒకే ఐసీకి ఒకచోట 0.005 శాతం, ఇంకోచోట 0.5 శాతం డిస్టార్షన్ అని ఉంది. ఏది నమ్మాలి?

రెండూ నిజమే. టీడీఏ 7294ను చూడండి. 5 వాట్ల దగ్గర, 1 కిలోహెర్ట్జ్‌లో దాని డిస్టార్షన్ మామూలుగా 0.005 శాతం. ±35 వోల్టుల మీద, 8 ఓమ్‌ల లోడ్‌కు 70 వాట్లు ఇచ్చేటప్పుడు 0.5 శాతం. ±38 వోల్టుల మీద 100 వాట్ల మ్యూజిక్ పవర్ అన్నచోట 10 శాతం. ఈ మూడూ ఒకే డేటాషీట్‌లో ఉంటాయి. బోర్డు అమ్మేచోట మాత్రం 100 వాట్లు, 0.005 శాతం అని పక్కపక్కనే వేస్తారు. ఆ రెండూ ఒకే సమయంలో ఎప్పుడూ ఉండవు.

డిస్టార్షన్ అంకె కనబడగానే నాలుగు విషయాలు అడగండి. ఎన్ని వాట్ల దగ్గర, ఏ ఫ్రీక్వెన్సీలో, ఎన్ని ఓమ్‌ల మీద, ఎంత బ్యాండ్‌విడ్త్‌తో కొలిచారు? ఇవి చెప్పకుండా శాతం మాత్రమే చెప్పడం, తూకం చెప్పకుండా రేటు చెప్పడం లాంటిది.

క్లాస్ ఏ మంచిదంటారు కదా, ఇంటికి అదే కట్టుకోవాలా?

మన దగ్గర వద్దనే చెబుతాను. క్లాస్ ఏ అంటే పాట లేకపోయినా ట్రాన్సిస్టర్లలో నిండుగా కరెంటు పారుతూనే ఉండే పద్ధతి. పుష్-పుల్ క్లాస్ ఏ ఎంత బాగా కట్టినా ఎఫిషియెన్సీ 50 శాతం దాటదు. ఛానల్‌కు 25 వాట్లు కావాలంటే, పాట నడిచినా నడవకపోయినా స్టీరియో సెట్ కనీసం 100 వాట్లను వేడిగా వదులుతూనే ఉంటుంది. మే నెలలో మా గదిలోనే 40 డిగ్రీలు దాటుతుంది. వాటుకు 1 డిగ్రీ పెరిగే పెద్ద హీట్‌సింక్ మీద 50 వాట్ల వేడి పడితే, హీట్‌సింకే 90 డిగ్రీల మీద ఉంటుంది. ట్రాన్సిస్టర్ లోపల ఇంకా ఎక్కువ.

బాగా కట్టిన క్లాస్ ఏబీ ఇంటికి చాలు, అందులో సిగ్నల్ పై సగం, కింది సగం వేరు వేరు ట్రాన్సిస్టర్లు పంచుకుంటాయి. బ్యాటరీ మీద, ఆటో మీద తిప్పేదైతే ట్రాన్సిస్టర్లు స్విచ్‌లలా పనిచేసే క్లాస్ డీ తీసుకోండి, 90 శాతం వరకు పవర్ స్పీకర్‌కు చేరుతుంది.

ఫీడ్‌బ్యాక్ ఎక్కువైతే సౌండ్‌లో జీవం పోతుందంటారు. నిజమా?

ఈ మాట 1970లలో బలపడింది. నెగెటివ్ ఫీడ్‌బ్యాక్‌ను బెల్ ల్యాబ్స్ ఇంజనీరు హరాల్డ్ బ్లాక్ 1927లో కనిపెట్టాడు. బయటకు వచ్చిన సిగ్నల్‌లో కొంత వెనక్కి తెచ్చి, లోపలికి వెళ్లినదానితో పోల్చి, తప్పును దిద్దడమే దాని పని. తరువాత ఫిన్లండ్‌కు చెందిన మట్టి ఒటాలా ఒక లోపం చూపించాడు. యాంప్ లోపలి దశలు నెమ్మదివైతే, సిగ్నల్ ఒక్కసారిగా ఎగిరినప్పుడు దిద్దుబాటు అందేలోపే అవి ఉక్కిరిబిక్కిరి అవుతాయి. అది నిజమైన లోపమే. కానీ దానికి మందు ఫీడ్‌బ్యాక్ తగ్గించడం కాదు, స్ల్యూ రేటు, అంటే అవుట్‌పుట్ వోల్టేజీ ఎంత వేగంగా మారగలదో అది, చాలినంత పెట్టడం. 8 ఓమ్‌ల మీద 50 వాట్లకు, 20 కిలోహెర్ట్జ్ వరకు కావలసింది మైక్రోసెకనుకు సుమారు 3.6 వోల్టులే. 15, 20 ఉన్న డిజైన్ తీసుకుంటే ఈ భయం అక్కర్లేదు.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. మామూలు డిజైన్లలో ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ దిద్దే బలం తగ్గుతుంది. 1 కిలోహెర్ట్జ్‌లో వెయ్యి రెట్లు ఉంటే 20 కిలోహెర్ట్జ్‌కు వచ్చేసరికి 50 రెట్లే మిగులుతుంది. అందుకే 1 కిలోహెర్ట్జ్ అంకె ఒక్కటి చూసి యాంప్ మంచిదని తేల్చేయకూడదు.

## కట్టేటప్పుడు

24-0-24 ట్రాన్స్‌ఫార్మర్ పెడితే ఎన్ని వాట్లు వస్తాయి? మా ఊర్లో వోల్టేజీ తక్కువ.

24ను 1.414తో గుణించి, డయోడ్ల కింద ఒక వోల్టు తీసేస్తే ±33 వస్తుంది. లోడ్ పడ్డాక అది 30 దగ్గరికి దిగుతుంది. ట్రాన్సిస్టర్లు ఇంకో మూడు వోల్టులు తమ దగ్గరే ఉంచుకుంటాయి. మిగిలిన 27 వోల్టుల పీక్‌ను వర్గం చేసి 16తో భాగిస్తే, 8 ఓమ్‌ల మీద 45 వాట్లు.

ఊర్లో లైన్ 230కి బదులు 190 ఉంటే రైలు వోల్టేజీలు (యాంప్‌కు అందే ప్లస్, మైనస్ సప్లైలు) కూడా అదే నిష్పత్తిలో పడిపోతాయి, వాట్లు 68 శాతానికి, అంటే 30 దగ్గరికి దిగుతాయి. దేవరకొండ వైపు నుంచి ఒకాయన, షాపులో మంచిగా మోగిన యాంప్ ఇంటికి పోగానే సౌండ్ పగులుతోందని రెండుసార్లు తిరిగి తెచ్చాడు. యాంప్‌లో ఏ లోపం లేదు. ఆయన వినే సాయంత్రం వేళకు లైన్ 185 ఉంది. ట్రాన్స్‌ఫార్మర్‌ను 28-0-28కి మార్చి, కెపాసిటర్లు 63 వోల్టులవి వేసి ఇచ్చాను. లైన్ పెరిగినా తట్టుకునేలా ముందే లెక్క చూసుకున్నాకే ఇలా చేయాలి.

5200, 1943 ట్రాన్సిస్టర్లలో నకిలీలు ఎలా గుర్తుపట్టాలి?

ఇవి అవుట్‌పుట్‌లో జోడీగా వాడే పవర్ ట్రాన్సిస్టర్లు. పైన అచ్చు చూసి నకిలీని గుర్తుపట్టలేం. ఒకే కట్టలో కొన్నవాటి గెయిన్ (కరెంటును ఎన్ని రెట్లు పెంచుతుందో) విడివిడిగా కొలవండి, చెల్లాచెదురుగా వస్తే అనుమానించండి. కాలిపోయినది ఉంటే పగలగొట్టి చూడండి. పెద్ద కరెంటుకు చేసిన దానిలో సిలికాన్ ముక్క వెడల్పుగా ఉంటుంది, నకిలీలో గోటి మొన అంతే కనబడుతుంది. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లినప్పుడు బిల్లు ఇచ్చే షాపులో, కావలసినదానికన్నా రెండు ఎక్కువ తెచ్చుకోండి.

వైర్లు ఎటు నుంచి పోతే ఏంటి, కనెక్షన్ కరెక్టుగా ఉంటే చాలదా?

చాలదు. ఇది నా కళ్లతో చూశాను. క్లాస్ ఏబీ యాంప్ ఒకటి కట్టి, లోడ్ మీద 30 వాట్లు పెట్టి, డిస్టార్షన్ స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత ఉందో చూపే గీతలు) తెర మీద చూస్తున్నాను. రెండో హార్మోనిక్, అంటే పంపిన ఫ్రీక్వెన్సీకి రెండు రెట్ల దగ్గర పుట్టేది, ఎందుకో ఎత్తుగా ఉంది. ట్రాన్సిస్టర్లు మార్చాను, ఫలితం లేదు. క్యాబినెట్‌లో ప్లస్ రైలు ఎర్ర వైరు ఇన్‌పుట్ బోర్డు పక్కనుంచి పోతోంది. ఒక ప్లాస్టిక్ పుల్లతో దాన్ని నాలుగు వేళ్ల దూరం జరిపాను. తెర మీద ఆ గీత చూస్తుండగానే కిందికి దిగింది. మళ్లీ దగ్గరికి తెస్తే మళ్లీ లేచింది.

కారణం ఇది. క్లాస్ ఏబీలో ప్లస్ రైలు వైరులో సిగ్నల్‌లోని పై సగమే పారుతుంది, మైనస్ వైరులో కింది సగమే. సగం కోసిన ఆ కరెంటు చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రం పక్కనున్న ఇన్‌పుట్ వైరులోకి ఎక్కుతుంది. అందుకని ప్లస్, మైనస్, గ్రౌండ్ వైర్లు మూడూ కలిపి మెలితిప్పండి. రెండు సగాలు కలిస్తే క్షేత్రం చాలావరకు కొట్టుకుపోతుంది. ఇన్‌పుట్ వైరును క్యాబినెట్‌కు అవతలి వైపు నుంచి తీసుకెళ్లండి. పైసా ఖర్చు లేదు, నూరు రూపాయల ట్రాన్సిస్టర్ మార్చినా రాని మార్పు వస్తుంది.

హమ్ వస్తోంది. ఫిల్టర్ కెపాసిటర్ పెంచాలా?

ముందు హమ్ ఏ శ్రుతిలో ఉందో వినండి. మెత్తగా, లోతుగా మ్ మ్ అంటే 50 హెర్ట్జ్, అది గ్రౌండ్ లూప్ (గ్రౌండ్ రెండు దారుల్లో కలిసి చుట్టు కట్టడం) లేదా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరితనం. కాస్త గరుకుగా జుం జుం అంటే 100 హెర్ట్జ్ రిపుల్ (సప్లైలో చదును కాకుండా మిగిలిన అల), కెపాసిటర్ లేదా గ్రౌండ్ జోడించిన చోటు చూడాలి. రెండు ఫిల్టర్ కెపాసిటర్ల నడిమి బిందువు దగ్గరే కాకుండా, అక్కడి నుంచి చిన్న వైరుతో తెచ్చిన ఒకే బోల్టు దగ్గర గ్రౌండ్లన్నీ కలపండి. చాలా హమ్‌లు ఇక్కడే పోతాయి.

## మొదటిసారి ఆన్ చేసేటప్పుడు

సీరీస్ బల్బు తప్పనిసరా?

తప్పనిసరే. కరెంటు లైనులో యాంప్‌కు వరుసలో కలిపే ఈ బల్బు, లోపల తప్పు ఉంటే కరెంటును అదుపులో ఉంచుతుంది. 60 లేదా 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు కావాలి, ఎల్ఈడీ పనికిరాదు. స్పీకర్ కలపకుండా ఆన్ చేయండి. ఒక్కసారి వెలిగి ఆరిపోతే మంచిది, వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపేయండి.

బయాస్ ఎంత పెట్టాలి? ఎక్కువ పెడితే సౌండ్ ఇంకా బాగుంటుందా?

బయాస్ అంటే సిగ్నల్ లేనప్పుడు కూడా అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో పారేలా పెట్టే కొద్దిపాటి కరెంటు. ఆ ట్రాన్సిస్టర్ల రెండు సగాలు పని మార్చుకునే చోట చిన్న గండి పడుతుంది. దాన్నే క్రాసోవర్ డిస్టార్షన్ అంటాం. బయాస్ తక్కువైతే గండి, ఎక్కువైతే రెండూ ఒకేసారి పనిచేసి మధ్యలో గడ్డ కట్టినట్టు లేస్తుంది. కాబట్టి ఎక్కువ పెడితే ఎక్కువ మంచిది అనేది తప్పు. ఒక్కో ఎమిటర్ రెసిస్టర్ మీద 26 మిల్లీవోల్టులు పడితే అతుకు సమంగా ఉంటుందని లెక్క. ట్రాన్సిస్టర్ లోపల ఉండే రెసిస్టెన్స్ కూడా కలుస్తుంది కనుక నేను 20 దగ్గర పెడతాను. 0.22 ఓమ్‌ల రెసిస్టర్ అయితే 90 మిల్లీయాంపులు.

సీరీస్ బల్బు తీసేశాకే చివరి సెట్టింగ్ చేయండి. అరగంట పాట నడిపి, వేడెక్కాక మళ్లీ చూడండి. ట్రాన్సిస్టర్ బేస్-ఎమిటర్ వోల్టేజీ డిగ్రీకి దాదాపు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. బయాస్ ట్రాన్సిస్టర్‌ను హీట్‌సింక్‌కు బిగించకపోతే వేడి 40 డిగ్రీలు పెరిగితే 80 మిల్లీవోల్టుల తేడా వస్తుంది. కరెంటు పెరిగి వేడి, వేడి పెరిగి కరెంటు, చివరికి ట్రాన్సిస్టర్ పోతుంది. జనవరి పొద్దున సెట్ చేసిన యాంప్‌ను మే నెల మధ్యాహ్నం ఒకసారి కొలవాల్సిందే.

స్పీకర్ కలపడానికి ముందు ఏం చూడాలి?

అవుట్‌పుట్‌లో డీసీ. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే కలపండి.

## కొలిచేటప్పుడు

లాప్‌టాప్‌తో డిస్టార్షన్ కొలవొచ్చా?

కొలవొచ్చు. ఒక మాదిరి యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, ఆర్ఈడబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. మొదట ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్‌ను దాని ఇన్‌పుట్‌కే కలిపి కొలవండి. అక్కడ 0.003 శాతం వస్తే అంతకన్నా తక్కువ ఉన్న యాంప్‌ను ఆ పెట్టె చూడలేదు. తక్కెడలో గ్రాము గుర్తు లేనప్పుడు మిల్లీగ్రాములు తూచలేం కదా.

యాంప్ నుంచి నేరుగా కలపకండి. 10 కిలో ఓమ్‌లు, 1 కిలో ఓమ్‌తో డివైడర్ కట్టండి. 50 వాట్ల దగ్గర వచ్చే 20 వోల్టులు 1.8 వోల్టులకు దిగుతాయి. ఇంకో జాగ్రత్త ప్రాణప్రదం. బ్రిడ్జ్ యాంప్‌లలోనూ, చాలా క్లాస్ డీ బోర్డుల్లోనూ స్పీకర్ మైనస్ గ్రౌండ్ కాదు. అక్కడ లాప్‌టాప్ గ్రౌండ్ తగిలిస్తే బోర్డు, ఇంటర్‌ఫేస్ రెండూ పోవచ్చు.

ఎన్ని వాట్ల దగ్గర కొలవాలి? ఫుల్ మీదనా?

ఫుల్ మీద కొలవండి, కానీ 1 వాటు దగ్గర, ఇంకా కింద 0.1 వాటు దగ్గర తప్పకుండా కొలవండి. పాటలో పీక్‌లు సగటు కన్నా 10 నుంచి 20 డీబీ, అంటే పవర్‌లో 10 నుంచి 100 రెట్లు, పైన ఉంటాయి. డప్పు దెబ్బ పడిన క్షణంలో 50 వాట్లు అడిగే పాట, సగటున అర వాటుకూ ఐదు వాట్లకూ మధ్యనే నడుస్తుంది. మీరు వినేదంతా దాదాపు ఆ కిందనే ఉంది. క్రాసోవర్ గండి సైజు వాల్యూంతో పెద్దగా మారదు. ఫుల్ మీద అది సముద్రంలో కాకి రెట్ట, నెమ్మదిగా వింటే అదే పెద్ద ముక్క. బయాస్ తప్పిన యాంప్ 40 వాట్ల దగ్గర చక్కటి అంకె ఇచ్చి, రాత్రి పూట తక్కువ వాల్యూంలో గొంతు మీద గరుకు పూసినట్టు వినిపించడానికి కారణం ఇదే.

వాల్యూం తగ్గించేకొద్దీ శాతం పెరుగుతోంది. క్రాసోవర్ డిస్టార్షనేనా?

చూడకుండా చెప్పకండి. ఆ శాతంలో నాయిస్ కూడా కలిసి ఉంటుంది. 0.3 మిల్లీవోల్టు నాయిస్ ఉన్న యాంప్‌కు 50 వాట్ల దగ్గర అది 0.0015 శాతం, 1 వాటు దగ్గర 0.01 శాతం. డిస్టార్షన్ ఏమాత్రం పెరగకుండానే అంకె ఏడు రెట్లయింది. స్పెక్ట్రమ్ చూడండి. నిలువు గీతలు లేస్తే డిస్టార్షన్, అడుగున గడ్డి లాంటిది మాత్రమే ఉంటే నాయిస్.

1 కిలోహెర్ట్జ్‌లో 0.01 శాతమే వచ్చింది. కానీ బతుకమ్మ పాట పెడితే పదాలు కలిసిపోతున్నాయి. ఎందుకు?

1 కిలోహెర్ట్జ్ పరీక్ష అంటే ఒక్కరు ఒకే స్వరం పట్టుకుని నిలబడటం. బతుకమ్మ పాటలో పదిహేను గొంతులు, చప్పట్లు ఒకేసారి వస్తాయి. యాంప్‌లో వంకర ఉంటే ప్రతి రెండు స్వరాలూ కలిసి, పాటలో లేని మూడో స్వరాన్ని పుట్టిస్తాయి. 19, 20 కిలోహెర్ట్జ్ రెండూ కలిపి పంపితే 1 కిలోహెర్ట్జ్ దగ్గర ఒకటి లేచేది ఇందుకే. దీన్నే ఇంటర్‌మాడ్యులేషన్ అంటారు. హార్మోనిక్ అయితే పాట కింద దాక్కుంటుంది. ఇది ఏ స్వరానికీ సంబంధం లేని చోట పడుతుంది కాబట్టి పదాల మధ్య ఖాళీలన్నీ నింపేస్తుంది. ఈ రెండు టోన్ల పరీక్ష తప్పక చేయండి. అది కూడా శుభ్రంగా ఉంటే యాంప్‌ను వదిలేసి స్పీకర్ వైపు, రికార్డింగ్ వైపు చూడండి.

రెసిస్టర్ మీద కొలిస్తే బాగుంది, స్పీకర్ మీద తేడాగా ఉంది. ఎలా?

రెసిస్టర్ ఏ ఫ్రీక్వెన్సీలోనైనా 8 ఓమ్‌లే. 8 ఓమ్‌లని రాసిన స్పీకర్ ఒకచోట 6కు దిగి, ఇంకోచోట 30 దాటవచ్చు. ఫిల్టర్ తరువాత ఫీడ్‌బ్యాక్ తీసుకోని చవక క్లాస్ డీ బోర్డుల్లో, స్పీకర్ మారితే పై ఫ్రీక్వెన్సీల మోత కూడా మారిపోతుంది. వైరు సంగతి కూడా చూడండి. 0.5 చదరపు మిల్లీమీటర్ల సన్న వైరు 10 మీటర్లు లాగితే రానూపోనూ 0.7 ఓమ్ పడుతుంది. యాంప్ డ్యాంపింగ్ ఫ్యాక్టర్ (స్పీకర్ ఓమ్‌లను దానికి ముందున్న ఓమ్‌లతో భాగిస్తే వచ్చేది) 160 అని గొప్పగా ఉన్నా, స్పీకర్ దగ్గరికి చేరేది 11 మాత్రమే.

## వినేటప్పుడు

రెండు యాంప్‌లకూ ఒకే శాతం. ఒకటి హాయిగా, ఒకటి చెవిలో గుచ్చుకున్నట్టు ఎందుకుంది?

శాతం అన్ని హార్మోనిక్‌లనూ ఒకే కుప్ప పోసి తూస్తుంది. చెవి అలా తూయదు. సంగీతం తెలిసినవాళ్లకు ఇలా చెబుతాను. మీరు షడ్జమం పట్టుకుంటే రెండో హార్మోనిక్ పై షడ్జమం, మూడోది దాని పైన పంచమం, నాలుగోది మళ్లీ షడ్జమం, ఐదోది అంతర గాంధారం. ఇవన్నీ చుట్టాలే, కొంచెం కలిసినా గొంతు కాస్త నిండుగా అనిపిస్తుందంతే. ఏడోది కైశికి నిషాదానికి కిందగా, ఏ స్వరస్థానంలోనూ కూర్చోకుండా పడుతుంది. ఇంకా పైకి పోయేకొద్దీ అన్నీ ఇరుకుగా, గరుకుగా తయారవుతాయి. క్రాసోవర్ గండి పుట్టించేవి ఎక్కువగా ఈ పైవే. అందుకే రెండో హార్మోనిక్ 0.5 శాతం ఉన్న యాంప్‌ను గంటల తరబడి వినగలం, పై హార్మోనిక్‌లు అందులో పదో వంతు ఉన్నా విసుగొస్తుంది.

ఇది కొత్త సంగతి కాదు. బీబీసీ ఇంజనీరు షార్టర్ 1950లోనే, ఎన్నో హార్మోనిక్ అయితే ఆ సంఖ్య వర్గాన్ని 4తో భాగించి, దాంతో గుణించి తూయాలన్నాడు. ఆ లెక్కన ఎనిమిదో హార్మోనిక్‌కు రెండోదాని కన్నా 16 రెట్లు బరువు. ఎవరైనా యాంప్ గురించి అడిగితే నేను శాతం చెప్పను, స్పెక్ట్రమ్ ఫోటో పంపుతాను.

నా చెవికి తేడా స్పష్టంగా తెలుస్తోంది, మీ మీటర్‌కు తెలియడం లేదు. అప్పుడేమంటారు?

మీ చెవిని కాదనను. కానీ చెవికి కూడా మీటర్‌కు పెట్టినంత కట్టుబాటు పెట్టాలి. ముందు రెండు యాంప్‌ల మోత సమానం చేయండి. పావు డీబీ ఎక్కువున్నదాన్ని మనం మోతగా గుర్తించం, ఇది నిండుగా ఉంది, అది పలుచగా ఉంది అంటాం. మామూలు మల్టీమీటర్లు 400 హెర్ట్జ్ దాటితే తప్పు చూపిస్తాయి, కాబట్టి 200 హెర్ట్జ్ టోన్ పెట్టి స్పీకర్ టెర్మినళ్ల మీద కొలవండి. ఒకటి 2.00 వోల్టులైతే రెండోది 1.98, 2.02 మధ్య ఉండాలి. తరువాత ఏది మోగుతోందో మీకు తెలియకుండా ఇంకొకరు మార్చాలి. 16 సార్లలో 12 సార్లు సరిగ్గా చెబితే, గుడ్డిగా తగిలే అవకాశం 4 శాతం కన్నా తక్కువ. అప్పుడు తేడా ఉందని నేనూ ఒప్పుకుని, నేను కొలవనిది ఏముందో వెతుకుతాను.

మిర్యాలగూడ నుంచి వచ్చే మిత్రుడితో ఒక ఆదివారం ఇది చేశాం. ఆయన తెచ్చిన యాంప్‌లో బేస్ గట్టిగా ఉందని ఇద్దరం నమ్మాం. కొలిస్తే దాని గెయిన్ 1 డీబీ ఎక్కువ. సమానం చేశాక ఏది ఏదో ఇద్దరం చెప్పలేకపోయాం. ఇంకోసారి మాత్రం తేడా నిలబడింది. వెతికితే ఒక యాంప్ వేడెక్కాక బయాస్ జారుతోందని తేలింది. నేను చల్లగా ఉన్నప్పుడే కొలిచి ఊరుకున్నాను. మీటర్ అబద్ధం చెప్పలేదు, నేను అడగాల్సింది అడగలేదు.

అసలు ఎంత డిస్టార్షన్ ఉంటే చెవికి తెలుస్తుంది?

ఒక అంకె లేదు. మంచి స్పీకర్లు కూడా బేస్‌లో 1 శాతం, అంతకన్నా ఎక్కువే పుట్టిస్తాయి, మనం హాయిగా వింటాం. అన్ని ఫ్రీక్వెన్సీల్లో, 0.1 వాటు నుంచి ఫుల్ దాకా 0.05 శాతం లోపు ఉండి, పై హార్మోనిక్‌లు లేకపోతే నేను యాంప్ మీద ఇంక పనిచేయను. ఆ డబ్బు స్పీకర్‌కు పెట్టమంటాను.

జాతరలో గంటసేపు నడిచాక ట్వీటర్లు కాలాయి. యాంప్ వాట్లు స్పీకర్ కన్నా తక్కువే కదా?

తక్కువైనందుకే ఫుల్ దాటించి నడిపి ఉంటారు. క్లిప్ అయినప్పుడు అల తల తెగి చదునుగా మారుతుంది. పీక్ ఆగిపోతుంది కానీ సగటు పవర్ పెరుగుతూ పోతుంది, అందులో పై ఫ్రీక్వెన్సీల వాటా కూడా పెరుగుతుంది. అదంతా సన్న తీగ చుట్టిన ట్వీటర్‌కే పోతుంది. చెర్వుగట్టు, పెద్దగట్టు లాంటి చోట్ల జనం పెరిగేకొద్దీ నాబ్ తిప్పుతూ పోకండి. క్లిప్ లైటు డప్పు దెబ్బకు ఒకసారి మెరిస్తే పరవాలేదు, వెలిగి నిలబడితే తగ్గించండి, లేదా ఇంకో యాంప్, ఇంకో బాక్స్ తీసుకెళ్లండి.

నా దగ్గర కొలిచే సామాను ఏదీ లేదు. మొదట ఏం కొనాలి?

మల్టీమీటర్, సీరీస్ బల్బు బోర్డు, 8 ఓమ్‌ల 100 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్లు రెండు, హీట్‌సింక్ వేడి చూడటానికి చిన్న థర్మామీటర్. వీటితో బయాస్, డీసీ, వేడి, లైన్ వోల్టేజీ తెలుస్తాయి, నా దగ్గరికి వచ్చే లోపాల్లో ఎక్కువ భాగం ఈ నాలుగింటిలోనే ఉంటాయి. ఆడియో ఇంటర్‌ఫేస్ రెండో విడతలో కొనండి. ఆసిలోస్కోప్ సెకండ్ హ్యాండ్‌ది దొరికితే తీసుకోండి, 20 మెగాహెర్ట్జ్‌ది చాలు. యాంప్ వినబడని ఫ్రీక్వెన్సీలో తనంతట తాను ఊగుతుంటే దాన్ని పట్టుకునేది అదొక్కటే.